ఊపిరికి అదనపు సిబ్బంది

రేవుపాలెం ప్రభుత్వ సంగీత కళాశాలకి ఆ ఉత్తర్వు ఒక మంగళవారం పొద్దున్న పదకొండున్నరకి వచ్చింది. పదకొండూ ఇరవైతొమ్మిది దాకా అక్కడ సంగీతం ఉండేది.

ఆ సమయానికి వరండా చివరి గదిలో జక్రయ్య మేస్టారు ఎర్ర పెన్సిలు చెవి మీద దోపుకుని, ఊపిరి ఎక్కడ పీల్చాలా అని కాగితంలో వెతుకుతున్నాడు. ఆయన గాలి వాద్యాల బోధకుడు. తండ్రి ఓడరేవు బ్యాండులో క్లారినెట్టు వాయించేవాడు. ఆ బ్యాండు మూతపడ్డప్పుడు దాని సామానంతా తెచ్చి కాలేజీలో పడేశారు. అందులో ఒక పియానో, ఒక బేస్ క్లారినెట్టు, ఒక ట్రంకుపెట్టె నిండా పాత స్వరకాగితాలు ఉన్నాయి. బేస్ క్లారినెట్టంటే పెళ్ళిళ్ళలో మనం చూసే క్లారినెట్టుకి పెదనాన్న. మనిషి గడ్డం దగ్గర మొదలై మోకాళ్ళ కిందకి దిగి, అక్కడ తెల్లటి లోహపు గంటతో పైకి తిరుగుతుంది. కాలేజీ ఆడపిల్లలు దాన్ని హుక్కా అనేవాళ్ళు. అననీండి. దాని శబ్దం వినని వాళ్ళు ఏమైనా అంటారు.

ఆ ట్రంకుపెట్టెలో తొమ్మిది రచనలు దొరికాయి. మూడు వందల ఏళ్ళ కిందట జర్మనీలో ఎవరో చర్చి ఉద్యోగి ఒంటరి ఫిడేలు కోసం రాసుకున్నవి. జక్రయ్యకి వాటి మీద మనసు పడింది. మనసైతే పడింది గానీ, ఫిడేలుకి ఊపిరి అక్కర్లేదు. కమాను అటు వెళ్ళి ఇటు వస్తే చాలు, పేజీలకి పేజీలు ఆగకుండా పోతుంది. యాభై నాలుగేళ్ళ జక్రయ్యకి మాత్రం ఊపిరి కావాలి. కాబట్టే సువార్తమ్మగారు కావాల్సి వచ్చింది.

సువార్తమ్మగారు పియానో టీచరు. వారంలో అయిదు రోజులు కాలేజీలోనూ ఆదివారం చర్చిలోనూ వాయించే మనిషి. జక్రయ్య ఊపిరి పీల్చే చోట పాట తెగిపోకుండా ఆవిడ పియానో మీద అందుకుంటుంది. పీల్చడం అయ్యాక మళ్ళీ ఆయన చేతిలో పెడుతుంది. ఇలా ఒక్కొక్క ఊపిరికీ ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ ఆ తొమ్మిది రచనల్నీ బేస్ క్లారినెట్టుకీ పియానోకీ కూర్చడానికి ఇద్దరికీ పదకొండేళ్ళు పట్టింది.

“ఇక్కడ పీల్చు, నేను అందుకుంటాను,” అందావిడ ఆ మంగళవారం.

“ఇంకో నాలుగు స్వరాలు లాగగలనక్కా.”

“లాగి ఏం సాధిద్దామనయ్యా? మొహం వంకాయలా అయిపోతోంది. పీల్చు.”

జక్రయ్య గుర్తు పెట్టాడు. తొమ్మిదో దాంట్లో అదే ఆఖరి గుర్తు. ఆ నెల ముప్పై ఒకటిన సువార్తమ్మగారి రిటైర్మెంటు. ఆవిడతో పాటే పియానో పోస్టు కూడా రద్దని కాగితం ముందే వచ్చేసింది. అందుకని ముప్పయ్యో తారీకు సాయంత్రం కాలేజీ హాల్లో తొమ్మిదీ ఒకసారి, జీవితంలో ఒకే ఒక్కసారి, జనం ముందు వాయించి లేచిపోదామని ఇద్దరూ అనుకున్నారు. అంతకు మించి వాళ్ళకి కోరికేమీ లేదు.

అప్పుడొచ్చాడు ప్రిన్సిపాల్ ముక్తేశ్వరంగారు, చేతిలో కాగితంతో. ఆయన వైణికుడు, మెతక మనిషి. సర్కారు కాగితం చూస్తే చెమట పడుతుంది.

“జక్రయ్యగారూ, కాస్త ఆ గొట్టం కింద పెడతారా?”

చెప్పొద్దూ, ఆ ఉత్తర్వుకి కారణం ఒక పెళ్ళి. సంగీత శాఖ మంత్రిగారు భోజనమయ్యాక ముందు వరసలో కునుకు తీస్తుంటే, ఎవరో శాక్సఫోను మీద కీర్తన ఎత్తుకున్నాడు. మంత్రిగారు ఉలిక్కిపడి లేచారు. మంత్రిగారికి నిద్ర చెడితే ఒక విధానం పుడుతుంది. వారం తిరక్కుండా ‘స్వస్వరూప శుద్ధి మహోద్యమం’ మొదలైంది. ఉత్తర్వులో ఉన్నదల్లా ఒక్క వాక్యం: ‘ఏ రచన ఏ సాధనము నిమిత్తము ఉద్దేశింపబడినదో, సదరు రచన సదరు సాధనము పైననే వాయింపబడవలెను.’

“మినహాయింపు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చట,” అన్నారు ముక్తేశ్వరంగారు. “అనుబంధం మూడు. రచయిత సమ్మతిపత్రం జతచెయ్యాలి.”

“ఆయన పోయి రెండొందల డెబ్భయ్యేళ్ళయిందండీ.”

“ఆ మాటే రాయండి. వాళ్ళూ మనుషులేగా.”

ఆ ఆఖరి మాట ప్రిన్సిపాల్‌గారి సొంత అభిప్రాయం. రాజధానిలో కొత్తగా వెలిసిన శుద్ధి కార్యాలయంలో విశేషాధికారి ఆచంట పరబ్రహ్మంగారు. తూనికలు కొలతల శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. ఇరవై ఆరేళ్ళు తూకపురాళ్ళకి ముద్రలేసిన చెయ్యి. సంగీతం ఆయనకి తెలీదు. తెలిసినవాళ్ళయితే పక్షపాతం చూపిస్తారని ఏరికోరి ఆయన్ని వేశారు.

జక్రయ్య దరఖాస్తుకి నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. ‘రచయిత మరణించినట్లు దరఖాస్తుదారు పేర్కొనియున్నారు గాని, మరణ ధ్రువీకరణ పత్రము దాఖలు పరచలేదు. వారసుల జాడ తెలుపలేదు. మరియు, సదరు రచనలు ఒక్కరు నిర్వహించవలసినవై యుండగా, ఇద్దరు నిర్వహించుటకు గల కారణము తెలుపవలెను.’

జక్రయ్య ఉన్న మాట రాశాడు: ఒకరు ఊపిరి పీల్చేటప్పుడు రెండోవారు వాయించడానికి.

దానికి రెండు రోజుల్లోనే జవాబొచ్చింది. ‘విధి నిర్వహణ మధ్యలో శ్వాస తీసుకొనుటకు అదనపు సిబ్బందిని కేటాయించు నిబంధన ఏదియు ఈ కార్యాలయమునకు కానరాదు. శ్వాస అనునది ఉద్యోగి తన సొంత సమయములో తీసుకొనదగును. తనిఖీ నిమిత్తము విశేషాధికారి స్వయముగా రాగలరు.’

సువార్తమ్మగారు ఆ కాగితం చదివి, కళ్ళజోడు తీసి, చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో నవ్వు ఎంతో, మరొకటి ఎంతో జక్రయ్య అడగలేదు. ముప్పయ్యో తారీకుకి ఇంకా పదహారు రోజులున్నాయి.

పరబ్రహ్మంగారు ఒక టేపు, ఒక రబ్బరు ముద్ర, ఒక సంచీడు సీసం బిళ్ళలతో దిగారు. ముందు ఫిడేలు కొలిచారు. ఇరవై మూడున్నర అంగుళాలు. తర్వాత బేస్ క్లారినెట్టు. నలభై ఒకటి.

“అయితే రచన సాగదీయబడినదన్నమాట,” అన్నారు.

“సాగదీయలేదండీ. కిందకి దించాను, అంతే.”

“దించుటకు అనుమతి?”

జక్రయ్య తన దరఖాస్తు నకలు తీసి ముందు పెట్టాడు.

“సరే. శబ్దం వినిపించండి. తనిఖీ పత్రంలో ‘శబ్దము’ అని ఒక గడి ఉంది.”

జక్రయ్య సంబరంగా వాద్యం నోటి దగ్గర పెట్టుకున్నాడు. పరబ్రహ్మంగారు చెయ్యి అడ్డం పెట్టారు. “అనుమతి లేకుండా వాయించరాదు. వాయించకుండా వినిపించండి.”

ఏం చేస్తాడు పాపం? ఊదకుండా మీటలు నొక్కాడు. పరబ్రహ్మంగారు చెవి ఒగ్గి శ్రద్ధగా విని, గడిలో ‘టకటక’ అని రాసుకున్నారు. పదకొండేళ్ళ పని అది. టకటక! జక్రయ్యకి ఒళ్ళు మండిపోయింది. సహజంగా గొంతు పెంచే మనిషి కాదు గానీ ఆ పూట పెంచేశాడు.

“మరి మా ప్రిన్సిపాల్‌గారు వీణ మీద వాయించే కీర్తనలు దేనికోసం రాశారండీ పెద్దలు? గొంతుతో పాడుకోడానికి కాదూ? వాటిని అడిగారా మీరు?”

తలుపు దగ్గర నిలబడ్డ ముక్తేశ్వరంగారి మొహం పాలిపోయింది. పరబ్రహ్మంగారు మూసేసిన కలం మూత మెల్లిగా మళ్ళీ తీశారు.

“మంచి అంశం లేవనెత్తారు,” అన్నారు.

ఆ సాయంత్రానికల్లా కాలేజీలో పదిహేడు వీణల తంతులకి సీసం బిళ్ళలు పడ్డాయి. వయొలిన్లకీ పియానోకీ పడ్డాయి, వేణువుల రంధ్రాలకి లక్క పడింది. మృదంగం కోసమని ఎవరూ ఏ రచనా చేసినట్టు రికార్డు లేదు గనక దాన్ని ‘విధులు లేని సాధనము’ కింద చేర్చారు. మరి మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం అప్పటికప్పుడు పుట్టేది కదండీ అని మృదంగం మేస్టారు మొత్తుకుంటే, రచన లేని వాయింపు ప్లాను లేని ఇంటితో సమానమనీ, కూల్చడం తప్ప మార్గం లేదనీ పరబ్రహ్మంగారు సెలవిచ్చారు.

ముక్తేశ్వరంగారు జక్రయ్యతో మాట్లాడటం మానేశారు. కాలేజీ అంతా మానేసింది. ఒక్క మాటతో ఇంతమంది నోళ్ళు కట్టేశానే అని జక్రయ్య లోపల్లోపల కుమిలిపోయాడు. వీణ క్లాసు ఆడపిల్లలు మాత్రం బిళ్ళలేసిన వీణలు ఒళ్ళో పెట్టుకుని, వాటి మీద చేతులు ఆనించి, గొంతుతో పాడుకునేవాళ్ళు. కీర్తన గొంతు కోసమేగా, అది శుద్ధమేగా అని వాళ్ళ ధీమా. అయిదో రోజున దానికీ వివరణ వచ్చింది: ‘కీర్తనకర్తలు సదరు రచనలను తమ తమ స్వంత గొంతుల నిమిత్తము చేసికొనియున్నారు. ఇతరుల గొంతులపై పాడుట బదిలీగానే పరిగణింపబడును.’

దాంతో అదీ అయింది.

ఊళ్ళోకి కూడా పాకింది జాడ్యం. పెళ్ళిలో పురోహితుడు గట్టిమేళమని చెయ్యెత్తితే సన్నాయివాళ్ళు తలలు దించుకున్నారు, చుట్టాలు చప్పట్లు కొట్టారు. పోలీసు బ్యాండు కవాతులో డోళ్ళు చంకన పెట్టుకుని నోటితో ‘డండడం డండడం’ అనుకుంటూ నడిచింది. డోలు మాటని నోటి మీదకి మార్చినందుకు వాళ్ళకీ సంజాయిషీ నోటీసు అందింది.

రాజధానిలో మాత్రం పండగ చేసుకున్నారు. నూటికి నూరు శాతం నిశ్శబ్దం సాధించిన తొలి కళాశాలగా రేవుపాలేన్ని ఎంపిక చేశారు. శుద్ధి మాసోత్సవం అక్కడే, మంత్రిగారి చేతుల మీదుగా, ముప్పయ్యో తారీకు సాయంత్రం, కాలేజీ హాల్లో!

జక్రయ్య ఆ వార్త విని పియానో పక్కన ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. “మన తారీకు కూడా లాక్కున్నారక్కా.”

“పోనీలేవయ్యా,” అంది సువార్తమ్మగారు, మూసిన పియానో మూత మీద దుమ్ము తుడుస్తూ. “ఇంట్లో వాయించుకుందామంటే నాకు పియానో లేదు. పదకొండేళ్ళు ఇక్కడ మనకి మనం వాయించుకున్నాం. అదీ తక్కువేం కాదు.” ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

ఇరవై ఆరో తారీకున శుద్ధి కార్యాలయంలో మిన్ను విరిగి మీద పడింది. ఆహ్వానపత్రికలో ఏడో అంశం, ‘శుద్ధ సంగీత ప్రదర్శన, ఏడు నిమిషాలు’ అని అచ్చయి ఉంది. శుద్ధ సంగీతమంటే ఏది? ఎవరు? రాష్ట్రమంతా గాలించారు. రాసినవాడు బతికుండి, ఫలానా వాద్యం కోసమే రాశానని కాగితం మీద పేర్కొని, ఆ వాద్యం మీదే వాయించే రచన ఒక్కటీ దొరకలేదు. పరబ్రహ్మంగారు రెండు రోజులు అన్నం మానేసి ఫైళ్ళన్నీ తిరగేశారు. ఆఖరికి తన సొంత బీరువాలో, తానే రెండుసార్లు తిప్పికొట్టిన దరఖాస్తు వెనక దొరికింది. కాగితం నెత్తిన గుండ్రటి అక్షరాల్లో: ‘బేస్ క్లారినెట్టు, పియానోల కోసం. కూర్పు: జక్రయ్య, సువార్తమ్మ.’

ఇద్దరూ సజీవులు! ఇద్దరూ ప్రభుత్వోద్యోగులు! వాద్యాల పేర్లు స్పష్టం!

ఇరవైతొమ్మిది పొద్దున్నకల్లా పరబ్రహ్మంగారు వరండా చివరి గదిలో ఉన్నారు. చేతిలో స్టాంపు కాగితం.

“ఈ రచన ఆసాంతం మీదేనని ఇక్కడ సంతకం పెట్టండి. రేపు వాయించండి. పియానో బిళ్ళ నేనే విప్పుతాను.”

“దాని కింద చిన్నక్షరాల్లో ఇంకో పేరుంది, చూశారా?” అన్నాడు జక్రయ్య.

“ఆయన వివరాలు మాకు అందలేదు. అందని వ్యక్తి లేనట్టే.”

“ఆయన రాసిందేనండీ ఇదంతా. నాది ఊపిరి, అక్కది ఆ ఊపిరి దగ్గర పాట. అంతే.”

“అయితే మీ ఇష్టం. ఎల్లుండి ఆవిడ రిటైరవుతున్నారు కదా. ఆలోచించుకోండి.”

జక్రయ్య కలం అందుకున్నాడు. ఒక్క గీత గీస్తే అక్క జనం ముందు వాయిస్తుంది. పోయిన ఆ దొర వచ్చి అడుగుతాడా?

“నాకోసమైతే పెట్టకు,” అంది సువార్తమ్మగారు. “ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చి నా ఒళ్ళో పెడతానంటావేంటి? నాకొద్దు.”

జక్రయ్య కలం కింద పెట్టేశాడు. పెట్టాక ప్రాణం హాయిగానూ ఉంది, ఏడుపూ వచ్చింది.

పరబ్రహ్మంగారు గోడ గడియారం చూశారు, కాగితం చూశారు. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఊరికే పోదు. జేబులోంచి రబ్బరు ముద్ర తీసి, నోటి ఆవిరి పట్టి, ఆ చిన్నక్షరాల మీద గట్టిగా నొక్కారు. ‘సరిచూడబడినది’ అన్న వంగపండు రంగు గుండ్రం కింద జర్మనీ చర్చి ఉద్యోగి మాయమైపోయాడు.

“సంతకం అవసరపడదు. ఇక్కడ మరో పేరేదీ నాకు కనబడటం లేదు,” అన్నారు. “ఏడు నిమిషాలు. తొమ్మిదిలో ఒకటి.”

ముప్పయ్యో తారీకు సాయంత్రం హాలు కిటకిటలాడింది. రెండు వారాలుగా ఊరు పాటకి మొహం వాచి ఉంది. ఆరు ఉపన్యాసాలయ్యాక ఏడో అంశం వచ్చింది. జక్రయ్య మైకు ముందుకొచ్చాడు.

“అయ్యా, ఇది మాది కాదండి. మూడొందల ఏళ్ళ కిందట ఒక చర్చి ఉద్యోగి ఫిడేలు కోసం రాసుకున్నాడండి,” అని, ఆయన పేరు విడమరిచి చెప్పాడు. “నేను మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకుంటానండి. అప్పుడు మా అక్క వాయిస్తుందండి.”

పరబ్రహ్మంగారు ముద్ర చేతబట్టుకుని సగం లేచారు. కానీ మంత్రిగారు అదేదో వందన సమర్పణ అనుకుని చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కొడితే సంచాలకులు కొట్టారు, సంచాలకులు కొడితే హాలంతా కొట్టింది. పరబ్రహ్మంగారు ముద్ర జేబులో వేసుకుని కూర్చుని తానూ కొట్టారు.

తర్వాత వాళ్ళు తొమ్మిదోది వాయించారు. ఆ ఏడు నిమిషాల గురించి నేను వెటకారం ఆడను. ఆ నల్లటి గొట్టంలోంచి లోతుగా, నెమ్మదిగా పాట లేచింది. ఆయన ఆగిన ప్రతిచోటా, ఆగాడని ఎవరికీ తెలియకుండా, ఆవిడ అందుకుంది. మళ్ళీ తెచ్చి ఇచ్చింది. ముక్తేశ్వరంగారు మొదటి నిమిషంలోనే తల దించుకుని కళ్ళు ఒత్తుకున్నారు. వీణ పిల్లలు గోడవార నిలబడి నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆఖరి స్వరం దగ్గర ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

మంత్రిగారికి మంచి నిద్ర పట్టింది. లేచి, తన జీవితంలో ఇంత శుద్ధమైన సంగీతం వినలేదన్నారు. ఆ తొమ్మిది రచనల్నీ ‘రాష్ట్రంలో వాయించదగినవి’ అనే పట్టికలో చేర్చమని అక్కడికక్కడే ఆదేశించారు. ఆ పట్టికలో అవి తప్ప మరేమీ లేవు.

మర్నాడు సువార్తమ్మగారికి శాలువా కప్పారు. అయిదింటికి పోస్టు రద్దయింది, అయిదూ పదికి పియానోకి మళ్ళీ సీసం బిళ్ళ పడింది. ఆవిడ హ్యాండుబ్యాగు భుజాన తగిలించుకుని, గది తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడి, వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే వయొలిన్ టీచరు కామాక్షిగారు ఎంతో ఆశగా దరఖాస్తు పెట్టుకుంది. ఎటూ పట్టికలో ఉన్నవే కదా, ఫిడేలు రచనలే కదా, నేను ఫిడేలు మీద వాయించుకుంటానండీ అని. జవాబు: ‘సదరు రచనలు బేస్ క్లారినెట్టు, పియానోల నిమిత్తము ఉద్దేశింపబడినవి. వయొలినుపై వాయించుట వాటి స్వస్వరూపమునకు భంగకరము.’

జక్రయ్యకి వేరే కాగితం వచ్చింది. రాష్ట్రంలో చెల్లుబాటయ్యే సంగీతం అదొక్కటే గనక ప్రతి సోమవారం పదకొండింటికి ఆయన హాల్లో వాయించి తీరాలి. ‘పియానో పోస్టు రద్దయినందున, పియానో భాగము వచ్చుచోట్ల అంతే కాలము మౌనము పాటింపవలెను. మౌనము తక్కువైనను ఎక్కువైనను చర్య తీసికొనబడును.’

సోమవారం వచ్చింది. పరబ్రహ్మంగారు మౌనం కొలవడానికి పరుగుపందేల గడియారం పట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. వెనక కాలేజీ అంతా ఉంది. మూడో వరస చివర, ఊరి జనంలో ఒకరిగా, సువార్తమ్మగారు వచ్చి కూర్చుంది. హ్యాండుబ్యాగు ఒళ్ళో ఉంది.

జక్రయ్య మొదలుపెట్టాడు. మొదటి ఎర్ర గుర్తు దాకా బాగానే వెళ్ళాడు. ఆగాడు, ఊపిరి పీల్చాడు. హాలంతా మౌనం. అప్పుడు తెలిసొచ్చింది ఆయనకి. పదకొండేళ్ళలో ఆ చోటు తాను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే అవసరం ఎప్పుడొచ్చింది గనక? ఎంతసేపాగాలో, ఎక్కడ అందుకోవాలో ఆయనకి తెలీదు. కాగితం మీది అక్షరాలు అలుక్కుపోయాయి.

దిక్కుతోచక తలెత్తాడు.

మూడో వరసలో సువార్తమ్మగారి పది వేళ్ళూ హ్యాండుబ్యాగు మీద నడుస్తున్నాయి. ఎడమచెయ్యి మెట్లు దిగింది, కుడిచెయ్యి పాటని పైకి తెచ్చి అంచున ఆపింది. ఆవిడ తలెత్తి జక్రయ్య వైపు చూసి, ఎప్పటిలాగే, గడ్డం కొంచెం ఊపింది.

జక్రయ్య అందుకున్నాడు.

పరబ్రహ్మంగారు గడియారం ఆపి, పుస్తకంలో ‘మౌనము: పదకొండు సెకండ్లు. లోపమేమియు లేదు’ అని రాసుకున్నారు.